గడప ఎర్రబడిన ఆదివారం

బ్రిస్బేన్‌లో యూనివర్సిటీలో చేరేనాటికి హెరిటేజ్ అంటే నాకు కోటలూ, రాజుల కత్తులూ, టికెట్టు కొనుక్కుని చూసేవే. బడిలో బట్టీ పట్టిన అర్థం ‘వారసత్వ సంపద’. సంపద అన్నారు కాబట్టి మా ఇంటికీ ఆ మాటకీ ఏ సంబంధమూ లేదని అప్పుడే తేల్చేసుకున్నాను. తీరా ఇక్కడికొస్తే జనం ఆ మాటను మంచినీళ్ళలా వాడేస్తున్నారు. గోడకు వేసే రంగు హెరిటేజ్, సంతలో టమాటా హెరిటేజ్, కిర్రుమనే చెక్క మెట్లు కూడా హెరిటేజే. అలాంటి మెట్లున్న ఓ పాత చెక్క బంగళాలో నాకు వారాంతపు గైడు ఉద్యోగం దొరికింది. ఇల్లు కట్టి నూరేళ్ళు దాటిందని అందరూ గొంతు తగ్గించి చెప్పేవారు. (మా తెనాలిలో అయితే ఈపాటికి కూల్చేసి, అపార్టుమెంటు లేపి, కింద మందుల షాపు కూడా పెట్టించేవాళ్ళు.)

ఆ ఇంటి బాధ్యతంతా ఓ పెద్దావిడది. మెడలో ముత్యాల దండ లేకుండా ఏనాడూ కనిపించదు కాబట్టి మనసులో ముత్యాల ఆంటీ అని పేరు పెట్టుకున్నాను. “కొన్నాళ్ళు నీ పని చూసి చెబుతాను, డియర్. ఇది హెరిటేజ్ లిస్టెడ్ ఇల్లు. ఇక్కడ మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి” అంది. నేను బుద్ధిగా తలూపాను. ఆ ఉద్యోగం పోతే చదువు సగంలో వదిలేసి తెనాలి స్టేషన్లో పెట్టెతో దిగాలి.

తాళంచెవులు నా చేతికిచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. తలుపు తీయగానే ఎదురుగా గడప, బోసిగా, రంగూ రూపూ లేకుండా. చెయ్యి ఊరుకుంటుందా? కొత్తగా తాళం తీసిన ఇంట్లోకి గడపకు పసుపు రాయనిదే మా అమ్మ ఎవర్నీ అడుగు పెట్టనివ్వదు. బ్యాగులో అమ్మ పెట్టిన పొట్లాలు ఉండనే ఉన్నాయి. శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. అబ్బ, ఎంత కళ! మురిసిపోతూ తలెత్తేసరికి గోడ మీద బోర్డు కనిపించింది: ‘ఈ భవనంలో దేన్నీ మార్చరాదు.’

గుడ్డతో తుడిస్తే కుంకుమ పోయింది, పసుపు పోలేదు. సబ్బు తెచ్చి బరబరా తోమాను. గడప ఎర్రగా అయిపోయింది! ఏడుపు గొంతుతో అమ్మకు ఫోన్ చేశాను.

“ఒసేయ్ పిచ్చిమొహమా! పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడదుటే? పెళ్ళికూతురికి పారాణి ఎట్లా కలుపుతామనుకున్నావు, సున్నం వేసి కాదూ?”

“అమ్మా, ముందది పోయే దారి చెప్పు!”

“నిమ్మచెక్క రుద్ది ఎండ తగలనివ్వు. పసుపుకి ఎండంటే పడదు. అవునుగానీ, బొట్లు బేసిగానే పెట్టావా?”

నిమ్మచెక్కకు ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలింది. ఇక ఎండ కావాలి. వరండా లోతుగా ఉండటంతో ఎండ మెట్ల దగ్గరే ఆగిపోయింది. లంచ్ కోసం తెచ్చుకున్న స్టీలు కంచం బయటికి తీశాను. మెట్ల మీద కూర్చుని కంచం అటూ ఇటూ వంచుతూ వెలుగును గడప మీదికి కొడుతున్నాను. సరిగ్గా అప్పుడే ముత్యాల ఆంటీ గేటు తీసుకుని వచ్చింది.

“ఏం చేస్తున్నావు, డియర్?”

ఉన్నదంతా చెప్పేశాను. భయానికి ఇంగ్లీషు కూడా చెయ్యిచ్చింది. “సారీ, టర్మరిక్ రాశాను, కొత్త ఇంటికి రాయాలి, అది మా... మా...” అంటూ మాట కోసం వెతుక్కుంటున్నాను.

“హెరిటేజ్” అని ఆవిడే అందించింది. “ఎవరు నేర్పారు?”

“మా అమ్మ.”

“ఆవిడకి?”

“వాళ్ళమ్మ. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు ఆంటీ, చూసి చేసేస్తాం.”

ఆవిడ కాసేపు గడప వంక చూసింది. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఆవిడేమో నా చేతిలోంచి కంచం లాక్కుని, “నువ్వు పట్టుకునే తీరు తప్పు, ఇంకొంచెం వంచాలి” అంటూ నా పక్కనే మెట్టు మీద చతికిలబడింది. ఇల్లు చూడటానికొచ్చినవాళ్ళు ముందు మా ఇద్దరినే చూశారు. ఇది కూడా టూర్‌లో భాగమా అని ఒకాయన అడిగితే, ఆంటీ ముఖం గంభీరంగా పెట్టి “అవును” అంది.

కొన్ని వారాలకు మరక పూర్తిగా పోయింది. ఆవిడకే దిగులేసినట్టుంది, గడప పక్కన ఓ చెక్క పలక పెట్టించింది. వారం వారం దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, వచ్చినవాళ్ళకు కథ చెప్పడం నా పనయింది. ఆ ఇంట్లో ‘తాకవచ్చు’ అని రాసి ఉన్న వస్తువు అదొక్కటే. దాని పక్కన నిలబడి చెబుతుంటే నాకెంత గర్వంగా ఉండేదో, నేనే ఓ కోట కట్టించినట్టు!

ఇప్పుడు మా ఇల్లు సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో. తెలుగంతా అర్థమైనా ఇంగ్లీషులోనే జవాబిచ్చే మా అమ్మాయి, పసుపు గడప చూసి “సో ఎంబరాసింగ్, అమ్మా” అంటూ పెరిగింది. ఈ మధ్యే ఉద్యోగమొచ్చి మెల్‌బోర్న్‌లో క్లైడ్ నార్త్‌లో అద్దె ఇంట్లో దిగింది. మొన్న ఫోన్ చేసింది.

“అమ్మా, టుమారో రెంటల్ ఏజెంట్ ఈజ్ కమింగ్ ఫర్ ఇన్‌స్పెక్షన్. ఐ పుట్ పసుపు ఆన్ ద డోర్‌స్టెప్, యూ నో, న్యూ హౌస్ కదా. ఇట్ వోంట్ కమ్ ఆఫ్!”

“సబ్బు పెట్టావా?”

“యా... ఇట్ వెంట్ రెడ్. హౌ డిడ్ యూ నో?”

“ఒసేయ్ పిచ్చిమొహమా!” అన్నాను. అచ్చం మా అమ్మ గొంతే. మెట్ల మీద కంచం పట్టుకుని వణికిపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వాగలేదు, కళ్ళలో నీళ్ళూ ఆగలేదు. నిమ్మకాయ సంగతీ, ఎండ సంగతీ, స్టీలు కంచం సంగతీ తర్వాత చెప్పాను. ముందు అడగాల్సింది ఒకటుంది.

“బొట్లు బేసిగానే పెట్టావా?”

“ఆఫ్‌కోర్స్, అమ్మా. ఐదు.”