ఉమారాణి ఫిజిక్స్ పరీక్ష

ఉమారాణి ఇంటర్‌లో అన్నీ పాసైంది, సెకండియర్ ఫిజిక్స్ తప్ప. పదహారేళ్ల కిందట ఆ పరీక్షలో తరంగాల పాఠం నుంచి ఎనిమిది మార్కుల ప్రశ్న వచ్చింది. సగం రాసి, మిగతా సగం గుర్తురాక, గంటసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. మళ్లీ రాద్దామనుకునేలోపు పెళ్లి కుదిరింది. మక్తల్‌కు కాపురానికొచ్చాక ఆ పేపరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

భర్త రఘుపతి లైన్‌మన్. గాలివాన వచ్చిందంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. కంది చేలల్లో పడి నడిచి, ఎక్కడ తీగ తెగిందో వెతికి పట్టుకునేవాడు. ఇంటికొచ్చేసరికి ప్యాంటు నిండా పల్లేరుకాయలు. కూతురు ప్రణీత వాటిని ఒక్కొక్కటే ఏరేది.

2021 జూలైలో ఒక మధ్యాహ్నం ప్రణీతకు జ్వరం ఎక్కువైంది. ఉమారాణి రఘుపతికి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి కోపంగానే మాట్లాడింది.

"పిల్ల ఒళ్లు కాలిపోతాంది. నీకు ఊరోళ్ల కరెంటే ఎక్కువైందా?"

"ఎల్సీ తీసుకున్ననే. మిల్లు కాడ ఒక్క తీగె కట్టేదుంది. జర ఆగు, పావుగంటల వస్త."

ఎల్సీ అంటే, స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ వాళ్లతో లైను ఆపించి తీసుకునే అనుమతి. పావుగంట దాటింది, అరగంట దాటింది. తర్వాత వచ్చిన ఫోన్ రఘుపతిది కాదు.

పిల్లను ఇంటి ఓనరమ్మకు అప్పజెప్పి, అత్త సుగుణమ్మతో కలిసి ఆటోలో మిల్లు దగ్గరికి పోయింది. అప్పటికే అతన్ని దవాఖానకు తీసుకుపోయారు. స్తంభం కింద అతని చెప్పులు మాత్రం జతగా విడిచినట్టే ఉన్నాయి. రోడ్డు పొడుగునా ఎక్కడా కరెంటు లేదు. పక్కనున్న పత్తి జిన్నింగ్ మిల్లులో జనరేటర్ మోతకు తన ఏడుపు తనకే వినిపించలేదు. చెప్పులు కొంగులో చుట్టుకొని అదే ఆటోలో దవాఖానకు పోయింది. అప్పటికే అతని ప్రాణం పోయింది.

విచారణ జరిగింది. మిల్లు దగ్గర పక్కపక్కనే రెండు లైన్లు పోతాయి. ఒక లైనుకు ఎల్సీ తీసుకొని, తొందరలో రెండో లైను స్తంభం ఎక్కాడని రాశారు. సాక్ష్యం చెప్పింది మల్లేష్, ఆరేళ్లుగా రఘుపతి వెంట పనిచేసినవాడు.

పదకొండో రోజు చుట్టాలందరి ముందు సుగుణమ్మ అన్నది, "నువ్వు మాటిమాటికి ఫోన్ జేసి సతాయిస్తివి. లేకుంటె నా కొడుకు గట్ల ఎక్కుతుండెనా?"

ఆ మాట ఆమె మళ్లీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు. ఉమారాణే రోజూ తనకు తాను చెప్పుకునేది. కొన్నాళ్లకు అందులో రఘుపతి మీద కోపం కూడా కలిసింది. పదేళ్లు చేసిన పనిలో ఏ స్తంభం ఎక్కుతున్నావో చూసుకోవద్దా? ఫొటో ముందు దీపం పెట్టేటప్పుడు అతని ముఖం చూసేది కాదు.

కరెంటు ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చారు. ఇంటర్ పాసైతే రికార్డు రూములో కాగితాల పని ఇస్తామని, పాత పేపరు ఇప్పుడైనా రాసుకోవచ్చని అక్కడి పెద్ద క్లర్కు చెప్పాడు. ఉమారాణి 2023 మార్చి పరీక్షకు దరఖాస్తు పెట్టింది.

ఓనరమ్మ కూతురు అనూహ్య అదే సెకండియర్ చదువుతున్నది. సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ డాబా మీద చాప పరుచుకొనేవాళ్లు. ముప్పై మూడేళ్ల ఉమారాణి పదిహేడేళ్ల అనూహ్యకు పాఠం అప్పజెప్పేది.

"తిర్యక్ తరంగాలంటే?"

"కణాలు... తరంగం పోయే దిక్కుకు లంబంగ ఊగుతయ్."

"అనుదైర్ఘ్య తరంగాలు?"

"పోయే దిక్కులనే ముందుకెన్కకు ఊగుతయ్. చప్పుడు గట్లనే పోతది."

"అక్కా, పోయినసారి ఎట్ల ఫెయిలైనవ్ నువ్వు?" అని అనూహ్య నవ్వేది. బట్టలారేసే దండెం పట్టుకొని ఊపి, కదలకుండా నిలిచిన చోట్లు అస్పందన స్థానాలు, ఎక్కువ ఊగిన చోట్లు ప్రస్పందన స్థానాలని చూపించేది. ఉమారాణి వాటిని నోట్సులో రాసుకునేది. ఆమె రాత పదహారేళ్ల కిందటిలాగే గుండ్రంగా ఉండేది. చాలా రోజుల తర్వాత అన్నం రుచి తెలుస్తున్నదని ఒకనాడు ఆమెకే అనిపించింది. వెంటనే తప్పు చేసినట్టూ అనిపించింది.

తరంగాలు అయిపోయాయి. ఫారడే నియమాలు, లెంజ్ నియమం అయిపోయాయి. పరీక్ష తొమ్మిది రోజులుందనగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికొచ్చారు.

"ప్రాథమిక చుట్టల పదకొండు వేల వోల్టులు ఇస్తరు. గౌణ చుట్టల చుట్లు తక్కువుంటయ్ గాబట్టి వోల్టులు తగ్గుతయ్. అది స్టెప్ డౌన్. మన వీధిల ఉన్నదదే," అన్నది అనూహ్య.

"మరి స్టెప్ అప్ వేరే డబ్బానా?"

"ఏ డబ్బా ఐతేంది? అదే డబ్బాకు గౌణం దిక్కునుంచి కరెంటు ఇయ్యి, ఇటు దిక్కు పెరుగుతది. మా సార్ చెప్పిండు, జనరేటర్ పెట్టుకున్నోళ్లు మెయిన్ బంద్ చెయ్యకుంటె ఆ కరెంటు ఎన్కకు పోయి, పైన తీగెల పదకొండు వేలైతదంట."

ఉమారాణి ఇంకోసారి చెప్పమన్నది. అనూహ్య బొమ్మ గీసి చెప్పింది. ఉమారాణి ఆ బొమ్మ మీద వేలు పెట్టి, గౌణ చుట్ట నుంచి ప్రాథమిక చుట్టకు, అక్కడి నుంచి తీగ మీదికి నెమ్మదిగా జరిపింది.

"సబ్‌స్టేషన్‌ల లైను బంద్ ఉన్నా?"

"బంద్ ఉన్నా సరే. ఏమైందక్కా?"

ఆమె నోట్సు మూసి కిందికి దిగిపోయింది. మిల్లు దగ్గర రెండు స్తంభాలున్న మాట నిజమే. కానీ చెప్పులు ఏరింది తానే. అవి ఉన్నది మిల్లు గోడ పక్క స్తంభం కింద. ఆ స్తంభం నుంచి తీగ మిల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు తప్ప ఇంకెక్కడికీ పోదు. ఎల్సీ తీసుకున్నది మిల్లుకు పోయే ఆ లైనుకేనని విచారణ కాగితంలోనే ఉంది.

మల్లేష్ ఈ రెండేళ్లలో ఆ ఇంటికి చేయని పని లేదు. సిలిండర్ అతనే తెచ్చేవాడు. ప్రణీతను బడికి బండి మీద దింపేవాడు. పిల్ల అతన్ని కాకా అని పిలిచేది. మర్నాడు పొద్దున పిల్లను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, ఉమారాణి ప్రణీతను ఓనరమ్మ ఇంట్లోకి పంపి తలుపు దగ్గరికి వేసింది.

"మల్లేష్, ఆయన ఎక్కింది ఎల్సీ తీసుకున్న స్తంభమే గదా?"

మల్లేష్ బండి తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"చెప్పులు మిల్లు స్తంభం కింద ఉండె. నేనే ఏరుకున్న. జనరేటర్ నడుస్తుండె. నేను ఇన్న."

అతను గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. ముఖం మోకాళ్లలో పెట్టుకున్నాడు.

"మిల్లోడు మెయిన్ గుంజకుండనే జనరేటర్ ఏసిండు, వదినా," అన్నాడు. "గని పైకి ఎక్కేముందు తీగెలకు గొలుసు తగిలిచ్చి భూమికి కలపాలె. అది నా పని. కలిపితె ఏ దిక్కునుంచి వచ్చినా భూమిలకు పోతుండె. లైను బంద్ ఉన్నది గదా అని నేను గొలుసు బండి మీదికెల్లి దింపనే లేదు. అన్న అడిగిండు, ఏసినవారా అని. ఏసిన అని చెప్పిన."



"ఏసిన అన్నవా?"

"అవు వదినా."

"రెండేండ్లు... నేను ఫోన్ జేసుడు వల్లనే సచ్చిండని అనుకున్న మల్లేష్. నువ్వు చూస్తనే ఉన్నవ్. ఒక్కనాడన్న నోరు తెర్వలేదు."

"ఇద్దరు పిల్లలు వదినా. నౌకరి పోతదని భయపడ్డ. ఇప్పుడు రాసిస్త. నువ్వేం జెయ్యమంటె అది జేస్త."

"రాసియ్యి," అన్నది ఉమారాణి. "ఆయన తప్పు లేదని రాసియ్యి. గంతే."

రాసిస్తానని తల మీద చెయ్యి పెట్టుకొని చెప్పి పోయాడు. ఆ రోజు ప్రణీతను బడికి ఆమే నడిపించుకుపోయింది. దారి పొడుగునా, కాక ఎందుకు పోయిండని పిల్ల అడుగుతూనే ఉన్నది.

మిగిలిన ఎనిమిది రోజుల చదువు ఎలా సాగిందో ఆమెకు తెలియదు. అనూహ్య అడిగితే చెప్పేది, రాయమంటే రాసేది. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ పేజీ మాత్రం మళ్లీ తిప్పలేదు. తిప్పకుండానే అక్షరం పొల్లు పోకుండా వచ్చేది. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. బిగించిన తీగలో స్థిర తరంగాల గురించి అడిగారు. మొత్తం రాసింది. బయటికొచ్చాక అనూహ్య చేతులు పట్టుకొని గంతులు వేస్తుంటే తానూ నవ్వింది. ఇంటికొచ్చి రఘుపతి ఫొటో తీసి ఒళ్లో పెట్టుకొని, రెండేళ్లుగా తిట్టుకున్నందుకు క్షమించమని అడిగింది. ఏ పొరపాటూ చేయని మనిషి. ఎల్సీ తీసుకున్నాడు, గొలుసు వేశావా అని అడిగాడు, తోటివాడి మాట నమ్మి ఎక్కాడు. ఇన్నాళ్లూ కోపం మధ్యలో అడ్డుగా ఉండేది. ఇప్పుడది పోయి, మనిషి పోయిన బాధ మొదటిసారి మొత్తంగా మీద పడింది.

నలభై నాలుగు మార్కులతో పాసైంది. ఆగస్టులో రికార్డు రూములో చేరింది. మొదటి వారంలోనే రఘుపతి ఫైలు వెతికి తీసింది. 'మృతుని స్వీయ నిర్లక్ష్యం' అని ఉన్నది. దాని తర్వాత కొత్త కాగితం ఏదీ చేరలేదు. మల్లేష్ అప్పటికే నారాయణపేట వైపు బదిలీ చేయించుకొని పోయాడు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. తానే అర్జీ రాసి పై అధికారికి ఇచ్చింది. ఆయన చదివి, "సాక్షి ఒప్పుకోవాలె గదమ్మా," అన్నాడు. అర్జీ మాత్రం ఫైల్లో పెట్టించాడు.

దసరా ముందు ఒక ఆదివారం సుగుణమ్మ అడిగింది, "మల్లేష్ ఈ నడుమ వస్తలేడేంది? పండుగకన్న రమ్మను."

ఉమారాణి ఇక దాచలేకపోయింది. చెప్పులు, జనరేటర్, గొలుసు, అన్నీ చెప్పింది.  సుగుణమ్మ గుమ్మం వైపు తిరిగి కూర్చున్నది.

"మరి అందర్ల ముంగట నిన్నన్న మాట," అన్నది, "ఇప్పుడు నేను ఏడ వెట్టుకోవాలె బిడ్డా?"

 ఉమారాణి అత్త పక్కన కూర్చొని ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకున్నది.