కత్తి తుడిచేంతసేపు

ఒరిస్సా కొత్తగా రాష్ట్రమైన రోజులవి. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం మద్రాసు వైపు ఉండిపోయింది. అత్తవారి ఊరు గిరిసోల ఒరిస్సాలోకి వచ్చింది. మా ఆయన బరంపురంలో ఒక పట్టుచీరల కొట్లో గుమాస్తా. రోజూ పొద్దున రైలెక్కి వెళ్లి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేవారు. ఒరియావాళ్లతో ఒరియాలో, మనవాళ్లతో తెలుగులో మాట్లాడి చీరలు అమ్మే పని. మాసిన గడ్డంతో కొట్లో కూర్చోకూడదని ఆయన పట్టుదల. మంగలి మా వీధికి వారానికి ఒకసారే వచ్చేవాడు. అందుకని ఆయన ఒక మడతకత్తి కొనుక్కుని, పెరట్లో పీట వేసుకుని తానే గీసుకునేవారు.

ఒక వానాకాలం రైలు దిగుతూ జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని పదిరోజులు ఇంట్లో ఉన్నారు. చీరలు మడత విప్పడానికి వేరేవాళ్లు ఉన్నారు, నువ్వు వచ్చి మాట్లాడితే చాలని కొట్టు యజమాని కబురు పంపాడు.

మర్నాడు పొద్దున ఆయన ఎడమచేత్తో కత్తి పట్టుకున్నారు. రెండోసారి గీసేసరికే చెంప తెగింది. వేడినీళ్లు తెచ్చి నిలబడ్డ నన్ను చూసి, "నువ్వు సెయ్యగలవేటి?" అన్నారు.

"నాకేటి తెలుసు?"

"నాను సెప్తాను గదా. కూకో."

మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూశారు. "ఆడకూతురు కత్తి పట్టడమేటి? మంగలి పని ఇంట్లో సేస్తారేటి?" అన్నారు.

"కొట్టుకి ఎల్లాలమ్మా. సెయ్యి బాగయ్యేదాకానే" అన్నారు ఆయన. ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

గీయడం కంటే ముందు కత్తి తుడవడం నేర్పారు నాకు. మొదటిసారి కత్తికి అంటిన నురగను వేలితో తీయబోయాను. ఆయన ఎడమచేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వేలు తెగిపోతాది. తడిగుడ్డ నాలుగు మడతలేసి పక్క పీట మీద పెట్టు. కత్తిని దాని మీద పడుకోబెట్టు. వెన్ను ముందు ఎల్లాల, పదునున్న వాదర ఎనకాల రావాల. తిప్పినప్పుడు వెన్ను మీదే తిప్పు."

నేను తుడిచి చూపించాను. గుడ్డ తెగలేదు.

"అదీ. నా మొగం దగ్గిర తుడవకు, పక్కకి తిరుగు. చెంబుకేసి కొట్టకు, వాదర ఇరుగుతాది. తొందరేటి లేదు."

అంతా అయ్యాక కత్తిని నీళ్లలో ముంచి, పొడిగుడ్డతో పిడి దగ్గర చెమ్మ లేకుండా ఒత్తి, చుక్క కొబ్బరినూనె రాసి, వేళ్లు అడ్డం రాకుండా మడవాలి. వారం తిరిగేసరికి ఆయన చెప్పకుండానే అన్నీ చేసేదాన్ని.

పెళ్లై రెండేళ్లయినా ఆయన మొహాన్ని పగటి వెలుగులో అంత దగ్గరగా నేను చూడలేదు. ఆ ఇంట్లో పగలు మేము మాట్లాడుకోవడమే తక్కువ. ఆయన దవడ కింద చిన్న పుట్టుమచ్చ ఉందని అప్పుడే తెలిసింది. కత్తి చెంప మీద ఉన్నంతసేపు ఆయన కదిలేవారు కారు. నేను పక్కకు తిరిగి తుడుస్తున్నప్పుడే మాట్లాడేవారు. ఎవరో పెద్దావిడ కొట్టంతా విప్పించి ఏమీ కొనకుండా వెళ్లిందని, చెయ్యి బాగయ్యాక రంభ అనే ఊరు తీసుకెళ్లి చిలకా సరస్సు చూపిస్తానని. అందుకని నేను నెమ్మదిగా తుడిచేదాన్ని. కత్తి మీద నురగ లేకపోయినా ఇంకోసారి తుడిచేదాన్ని. ఆయనకు అది తెలిసే ఉంటుంది. ఒక్కనాడూ త్వరగా కానీయమనలేదు.

రెండు నెలలకు కట్టు విప్పారు. ఆ తరువాత ఒక పొద్దున పెరట్లోకి వెళ్లేసరికి ఆయన అప్పటికే గీసుకుంటున్నారు. కత్తి తుడుద్దామని చెయ్యి చాపాను. "నాను సేసుకుంటానులే" అన్నారు. ఆయన చెయ్యి బాగైనందుకు సంతోషించాల్సిన దాన్ని, పొయ్యి దగ్గరకు వెళ్లి ఏడ్చాను.

కొట్లో పని పెరిగింది. బరంపురంలో గది తీసుకుని శనివారం సాయంత్రాలే వచ్చేవారు. అక్కడే మంగలి చేత గీయించుకుని, నున్నటి మొహంతో రైలు దిగేవారు. ఆ మొహం చూస్తే నాకు దిగులేసేది. అలా అని ఎవరితో చెప్పుకోను?

ఒక శనివారం నాలుగు రోజుల గడ్డంతో వచ్చారు. ఆదివారం చీకటితోనే లేచి నీళ్లు కాచాను. తడిగుడ్డ మడతపెట్టి ఉంచాను. నేను నీళ్లు తెచ్చేలోపే అత్తగారు వీధిలో పోతున్న మంగలిని పిలిచారు. ఆయన నా వైపు ఒకసారి చూసి, వెళ్లి అతని ముందు కూర్చున్నారు.

సాయంత్రం బండికి బయలుదేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, మెల్లిగా అన్నారు. "కావాలనే గడ్డం ఉంచుకొచ్చాను. అమ్మ పిలిసీసాక ఒద్దని సెప్పలేకపోనాను."

"వచ్చేవారం?" అన్నాను.

"సూద్దాం" అన్నారు.

వచ్చేవారం కొట్లో పెళ్లిళ్ల బేరాలని రాలేదు. ఆ పైన పిల్లలు పుట్టారు, మేమూ బరంపురం వెళ్లాం, ఆయన బ్లేడు రేజరుకు మారారు. అక్కడ వద్దనే అత్తగారు లేకపోయినా ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్కసారి అడిగితే ఏమయ్యేదని, ఆయన పోయాక రోజూ అనిపిస్తోంది.