నీలం తొట్టి

చతికిలమ్మ మూడుసార్లు చచ్చిపోయి, మూడుసార్లూ అన్నం వేళకి లేచి కూర్చుంది. మూడోసారైతే పక్కింటివాళ్ళు ఏడుపు మొదలెట్టేశారు కూడా. ఠక్కున ఆపితే బాగోదని కాసేపు కానిచ్చారు.

పుట్టుకతోనే ఆమె గుండెలో చిల్లు, పైగా ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకు. చిన్నప్పుడు పదడుగులు వేస్తే చాలు, వీధిలో చతికిలబడేది. "ఏం పారేసుకున్నావే?" అని నవ్వేవాళ్ళు. "ఊపిరి" అనేది, నేల తడుముతూ. ఆ పేరు అలా పడింది.

"పెద్ద ఆపరేషన్ ఎప్పటికైనా తప్పదు. గోళ్ళు నీలం ముదిరాయా, ఆ రోజే తీసుకురండి" అన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ అమ్మ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబెట్టి పది గోళ్ళూ చూసేది. గోళ్ళన్నాడు కాబట్టి గోళ్ళే. మొహం వైపు చూసేది కాదు.

చిన్నప్పుడు పరీక్షలకని ఆసుపత్రిలో ఉంచినప్పుడు పక్క మంచం పిల్ల ఆపరేషన్‌కి వెళ్ళి తిరిగి రాలేదు. చతికిలమ్మ అది మర్చిపోలేదు.

అందుకే ఇరవయ్యో ఏట అద్దకాల షెడ్డులో చేరి, పట్టుబట్టి నీలం తొట్టి దగ్గరే నిలబడింది. మేస్త్రీ ఇచ్చిన చేతితొడుగులు గోడకి తగిలించింది. మణికట్టు దాకా నీలం.

"ఇందులో నీదెంత, తొట్టిదెంతే?" అనేది అమ్మ, కళ్ళు చికిలించి.

"అంతా తొట్టిదేనమ్మా."

ఏడాది తిరిగేసరికి తొట్టి పని ఆగింది. ఆమెని మేడ మీద, బట్టలు మడతపెట్టే గదికి మార్చారు. పద్నాలుగు మెట్లు. ఇంట్లో ఆ ముక్క చెప్పలేదు. సాయంత్రం కిందికి దిగి, తొట్టి అడుగున మిగిలిన రంగులో చేతులు ముంచుకుని మరీ ఇంటికెళ్ళేది.

ఒకరోజు మధ్యాహ్నమే ముంచుతుంటే మేస్త్రీ చూశాడు.

"పని లేని చేతులకి రంగెందుకే?"

"సరదాకి, మేస్త్రీ."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "చేతులు సరే. పెదాలు కూడా ముంచావటే?"

ఆమె మెట్లవైపు పరిగెత్తింది. పుట్టాక పరిగెత్తింది అదొక్కసారే.

ఇప్పుడు ఆసుపత్రి మంచం పక్కన అమ్మ తడి దూదితో ఆ గోళ్ళు రుద్దుతూనే ఉంది. దూది ఎప్పుడో తెల్లగా రావడం మొదలైంది. గోళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. చూడ్డానికొచ్చినవాళ్ళు మూడు చావుల కథ చెప్పుకుంటుంటే చతికిలమ్మ కళ్ళు తెరిచింది.

"మూడుసార్లేం కాదు. ఒక్కసారే పడ్డాను, పన్నెండో మెట్టు మీద. చావలేదు. ఆపరేషన్ రేపు."