మా ఇంటికి మరియమ్మ వచ్చిన శుక్రవారం

ఎల్బీనగర్‌లో మా ఫ్లాటు రెండో అంతస్తులో ఉంటుంది. వెనక గది మొదట్లో నాన్నమ్మది, నాది. నేను ఇంటర్‌లో చేరిన ఏడు అమ్మమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. ఒక్కతే ఉండలేక గుంటూరు దగ్గర ఊళ్ళో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచి ఆ గది ముగ్గురిదైంది. కిటికీ వైపు నాన్నమ్మ మంచం, తలుపు వైపు అమ్మమ్మ మంచం, మధ్యలో నా చదువుకునే బల్ల, రాత్రయితే దాని పక్కన నా పరుపు.

నాన్నమ్మ నల్గొండ వైపు మనిషి, బాప్టిస్టు. అమ్మమ్మ వాళ్ళు తరతరాలుగా కతోలికులు. అమ్మా నాన్నల పెళ్ళి కుదిరినప్పుడు, పసితనంలో తల మీద నీళ్ళు పోస్తే చెల్లదని నాన్నమ్మ వాళ్ళ చర్చిలో అమ్మను తొట్టిలో ముంచి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు. అమ్మమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. మరియమ్మ గురించి మాత్రం రోజూ పోట్లాడేది.

పొద్దున టీ గ్లాసుల దగ్గరే మొదలయ్యేది.

“ప్రభువును కన్నతల్లి, సరే వదినె. గౌరవిస్తం. కన్నందుకు మొక్కుతరా?” అనేది నాన్నమ్మ.

“మొక్కడం కాదు వదినగారూ, చెప్పుకుంటాం. మీ అబ్బాయితో పని పడితే మా అమ్మాయి ఎవరి దగ్గరికొస్తుంది? మీ దగ్గరికేగా?”

“నేను చెప్తే వాడు ఇంటడా? ఉల్టా చేస్తడు.”

“ఆయన మీ అబ్బాయిలాంటివాడు కాదులెండి. కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షరసం అయిపోయిందని అమ్మ నోరు తెరవగానే విని, నీళ్ళను ద్రాక్షరసం చేశాడు.”

“ఆ పెండ్లిల ఆమె ఏమన్నదో సక్కగ చూడు. ఆయన చెప్పింది చెయ్యుండ్రి అన్నది. నాకు కొబ్బరికాయ కొట్టుండ్రి అన్లే.”

కొబ్బరికాయ మాటకు అమ్మమ్మకు ఉక్రోషం వచ్చేది. ఫిబ్రవరిలో బెజవాడ కొండ మీద మరియమ్మ తిరునాళ్ళకు వెళ్ళి కాయ కొట్టి రావడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. “అన్నీ బైబిల్లోనే ఉండాలంటారుగా. నెలనెలా మొదటి ఆదివారం మీరంతా తెల్లచీరలు కడతారే, అదెక్కడుందో చూపించండి” అని ఎదురు తిరిగింది ఒకసారి. చంపాపేటలో వాళ్ళ చర్చిలో ప్రభు భోజనమని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజది. నాన్నమ్మ నిజంగానే కళ్ళద్దాలు పెట్టుకుని పొద్దంతా వెతికింది. సాయంత్రానికి బైబిలు చివర ప్రకటన గ్రంథంలో తెల్లని వస్త్రాలు దొరికాయి. గెలిచినట్టు పైకి చదివి వినిపించింది.

అమ్మమ్మ తాపీగా విని, “అవి పరలోకంలో కట్టుకునేవి వదినగారూ. చంపాపేటలో కాదు” అంది.

ఆదివారాలు నాకు రెండు ఆరాధనలు. తెల్లవారగానే అమ్మమ్మతో షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ గుడికి, పూజకు. కతోలికులు చర్చిని, అందులో ఆరాధనను అలాగే అంటారు. అక్కడ సాంబ్రాణి వాసన, మోకరించడం, లేవడం, ఎవరితోనూ మాట్లాడే పని లేకపోవడం నాకు బాగుండేవి. తిరిగొచ్చి టిఫిన్ తిని నాన్నమ్మతో చంపాపేట చర్చికి. అక్కడ తబలా, చప్పట్లు, ప్రసంగం మధ్యలో పాస్టరుగారు అడిగే బైబిలు ప్రశ్నలు. జవాబు తెలిసినా నేను చెయ్యెత్తేదాన్ని కాదు. నాన్నమ్మ మోచేత్తో పొడిచేది.

పూజ నుంచి వచ్చేటప్పుడు, రోడ్డు పక్క అప్పుడప్పుడే పట్టాలు పరిచే పాత పుస్తకాల వాళ్ళ దగ్గర అమ్మమ్మ ఆగేది. “జపమాలలో ఒక పది పూసలయ్యేదాకా నీ ఇష్టం” అని కర్ర మీద ఆనుకుని కళ్ళు మూసుకునేది. పుస్తకంలో మునిగి నేను తేలకపోతే పూసలు నెమ్మదిగా జరిగేవి.

అక్టోబరు వాళ్ళకు జపమాల నెల. గుడిలోని చిన్న మరియమ్మ సురూపాన్ని, అంటే ప్రతిమను, ఆ నెలంతా రోజుకొక ఇంటికి తీసుకెళ్తారు. సాయంత్రం పాటలు పాడుకుంటూ తెచ్చి జపమాల చెప్పి, రాత్రికి ఆ ఇంట్లోనే ఉంచి, మర్నాడు తర్వాతి ఇంటికి సాగనంపుతారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏటా ఒక రాత్రి మరియమ్మ అమ్మమ్మ ఇంట్లో ఉండేది. ఇక్కడికొచ్చాక అక్టోబర్లు ఊరికే గడిచిపోయాయి.

“ఇల్లు అమ్ముకున్నదాన్ని. ఆవిడని ఏ ఇంటికి రమ్మంటానే?” అంది నాతో ఒకరోజు. అలా దిగులుగా మాట్లాడే మనిషి కాదు. వంటింట్లోంచి అమ్మ విన్నట్టుంది.

ఆ ఏడు నాన్నమ్మ కూతురింటికి నల్గొండ వెళ్తుంటే, అమ్మ ఆమెకు తెలియకుండా గుడికి ఫోన్ చేసి గురువారానికి మా ఇల్లు చెప్పింది. నాన్నమ్మ శుక్రవారం మధ్యాహ్నానికి గానీ రాదు. ప్రతి శుక్రవారం సాయంత్రం మా హాల్లో వాళ్ళ చర్చివాళ్ళ కూటం, అంటే ఇంటి ప్రార్థన. శుక్రవారం పొద్దున్నే మరియమ్మను తర్వాతి ఇంటికి పంపేస్తే సరిపోతుందని అమ్మ లెక్క. అమ్మమ్మ గురువారం పొద్దున్నే తలంటుకుని, పెట్టె అడుగునున్న పట్టుచీర తీసింది.

గురువారం వాన. రోడ్లన్నీ నీళ్ళు. సురూపం ముందు రోజు ఇంట్లోనే ఉండిపోయింది. ఇక రాదనుకుని అమ్మమ్మ చీర మడత పెట్టేసింది. శుక్రవారం నాన్నమ్మ వచ్చింది. సాయంత్రానికి పాస్టరుగారు, ఆయన భార్య, నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి హాల్లో చాపల మీద కూర్చున్నారు. పాట మొదలుపెట్టబోతుండగా కింద వీధిలోంచి వేరే పాట వినిపించింది.

వాన కాస్త తెరిపిచ్చిందని గుడివాళ్ళు సురూపంతో బయలుదేరారట. దారిలో మళ్ళీ పట్టుకుంది. నేను పరుగున మెట్లు దిగాను. పూలదండతో మరియమ్మ, పైన ఒకరు పట్టిన గొడుగు, చుట్టూ తడిసి ముద్దైన పదిమంది. అప్పటికే కింది ఫ్లాటు ఆంటీ హారతి పళ్ళెంతో బయటికొచ్చేసింది. దసరా రోజులు. “అమ్మవారొస్తున్నారని ఒక్క మాట చెప్పకపోయారా!” అని నన్ను కోప్పడి, హారతిచ్చి, మరియమ్మ పాదాలకు ఇంత కుంకుమ పెట్టింది.

తలెత్తితే మెట్ల మీద నాన్నమ్మ.

“గిదే. నేను చెప్పేది గిదే” అంది.

ఆంటీకి అదేమీ పట్టలేదు. “అయ్యో, తల్లి తడిసిపోతోందండీ. లోపలికి తీసుకెళ్ళండి” అంది. అందరూ నాన్నమ్మ వంక చూశారు. పైన తలుపు దగ్గర అమ్మమ్మ నిలబడి ఉంది, చేతిలోని జపమాలను కొంగులో దాచుకుని. నాన్నమ్మ వెనక్కి తిరిగి ఆమెను చూసింది. కాసేపు చూసింది.

“ఏందట్ల నిలవడ్డరు? పైకి రాండ్రి, సర్ది వడతది” అంది వాళ్ళతో. ఒక మెట్టు పక్కకు జరిగి, “ఆమెను గూడ తీస్కరాండ్రి. ప్రభువు తల్లి గడప దాంక ఒస్తే ఎల్లగొట్టెటంత పెద్దదాన్ని గాను. గని హాల్ల గాదు, లోపలి అర్రల వెట్టుండ్రి.”

నా పుస్తకాలు మంచం మీదికి పోయాయి. బల్ల మీద, రెండు మంచాల మధ్య, మరియమ్మ నిలబడింది. నాన్నమ్మ పొడి తువ్వాలు తెచ్చి అమ్మమ్మకిచ్చింది. “తుడువు వదినె. నేను ముట్ట.”

ముందు కూటం జరిగింది. తడిసి వచ్చిన గుడివాళ్ళు హాల్లో వెనక కూర్చున్నారు. ఒక పాట రెండు చర్చిలవాళ్ళకూ తెలిసినదే. రాగంలో కాస్త తేడా ఉంది, ఎవరూ తగ్గలేదు. తర్వాత గుడివాళ్ళు లోపలికి వెళ్ళి జపమాల అందుకున్నారు. అమ్మ టీ పంపబోతే నాన్నమ్మ ఆపింది. “ఆగు, వాళ్ళది ఐపోనీ.”

జపమాల అయ్యాక అందరూ లేచారు, అమ్మమ్మ తప్ప. బల్ల కోడు పట్టుకుని మోకరించింది గానీ లేవలేకపోయింది. నేను కదిలేలోపే నాన్నమ్మ హాల్లోంచి వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది. “మోకాళ్ళే లేవు, ఇంక మోకరించుడు ఒకటి” అని గొణిగింది. అమ్మమ్మ ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నాన్నమ్మ మరియమ్మకు వీపు పెట్టి, గోడ వంక చూస్తూ అలాగే పట్టుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున అమ్మమ్మ కొంటెగా అడిగింది, “నిద్ర పట్టిందా వదినగారూ, ఆవిడ పక్కన?”

“మంచిగనే వట్టింది. నీ లెక్క గురక వెట్టలే ఆమె.”

అక్కడితో తగాదాలు ఆగాయనుకుంటే పొరపాటు. వారం తిరక్కుండానే కానా పెళ్ళి మళ్ళీ జరిగింది. కానీ ఆ తర్వాత అక్టోబర్లలో మరియమ్మ మా ఇంటికి వస్తూనే ఉంది, అమ్మమ్మ ఉన్నంతవరకు.

అమ్మమ్మ పోయాక తలుపు వైపు మంచం మీద నేను పడుకుంటున్నాను. ఆదివారాలు ఒక్క చంపాపేట చర్చికే వెళ్తున్నాను. నాన్నమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. రోజూ బైబిల్లో ఒక అధ్యాయం నేనే చదివి పెడతాను. మొన్న కానా పెళ్ళి దగ్గరికి వచ్చాం. చదవడం అయ్యాక నాన్నమ్మ అలవాటుగా అమ్మమ్మ మంచం వైపు తల తిప్పింది. జవాబు చెప్పేవాళ్ళు లేరు కదా.

“ఇప్పుడు ఏ నెల?” అంది చివరికి.

“సెప్టెంబరు అయిపోవస్తోంది.”

“మీ అమ్మమ్మ లేదని ఆమెను గూడ రావద్దన్నమా? పోయి చెప్పిరా. మొక్కుడు గిక్కుడు లేదు, ఊకె ఒచ్చి పోతది.” పడుకోబోతూ మళ్ళీ తల తిప్పింది. “శుక్రారం గాకుంట జూడు.”

ఆదివారం ఒక్కదాన్నే షేర్ ఆటో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. పూజ అయ్యాక వరండాలో అక్టోబరుకు మరియమ్మ వెళ్ళే ఇళ్ళు రాసుకుంటున్న పెద్దాయన దగ్గర అందరూ వెళ్ళిపోయేదాకా నిలబడ్డాను.

“మన గుడివాళ్ళేనా అమ్మా?” అన్నాడాయన.

“మా అమ్మమ్మ...” అని ఆగి, “ఇప్పుడు మా నాన్నమ్మ రమ్మంటోందండీ” అన్నాను.

“మంచిది. ఏ రోజు కావాలి?”

“శుక్రవారం తప్ప ఏ రోజైనా” అన్నాను.