జర చెయ్యెయ్యి, ప్రభువా

మట్టితట్ట తలకెత్తుకునే ముందు మా చిన్నమ్మ ప్రతిసారీ, "జర చెయ్యెయ్యి, ప్రభువా" అనేది. పక్కనున్న కూలీతో చెప్పినంత మామూలుగా అనేది. పంతొమ్మిది వందల అరవైలలో ఆలేరు దగ్గర రోడ్డు పనికి పోతున్న రోజులవి. తోటి ఆడవాళ్ళు నవ్వేవారు.

"నీ ప్రభువు చేతులు మాకైతే కనబడుతలెవ్వే!"

"తట్ట లేసిందా లేదా?" అనేది చిన్నమ్మ.

ఆ ఎండాకాలం ఊళ్ళోకి కలరా వచ్చింది. వారం తిరక్కుండానే చిన్నాయన పోయాడు. ఆయన వెనకే కొడుకూ పోయాడు. నాలుగేళ్ళ కూతురు మాత్రం మిగిలింది. ఇక చిన్నమ్మ చర్చి గడప తొక్కదని అందరం అనుకున్నాం. కానీ ఆదివారం కూతుర్ని చంకనెత్తుకుని అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. పాట మధ్యలో ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకుని, ఆ పాటనే మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఆమె వెంట మేమూ మొదటినుంచి పాడాం.

ప్రార్థన అయ్యాక మా అమ్మ ఉండబట్టలేక అడిగింది.

"చెల్లే, దేవుని మీద నీకు కోపమొస్తలేదా?"

"ఎందుకు రాదక్కా? మస్తొచ్చింది. పొద్దుగాల లేసి ఆయనతోనే కొట్లాడిన. కొట్లాడనీకి నాకింక ఎవలున్నరు?"

మర్నాడు తెల్లవారగానే రోడ్డు పనికి పోయింది. మేస్త్రి వద్దన్నా వినలేదు. ఆ రెక్కల కష్టంతోనే కూతుర్ని పెంచి, చదివించింది. దేవుడితో ఆ కొట్లాట తీరిందో లేదో మాకెప్పుడూ చెప్పలేదు. చర్చికి రావడం మాత్రం ఒక్క ఆదివారమూ మానలేదు.