కరెంటు వచ్చాక మొదటి విరామం

యోకాస్తా రాసిన ప్రోగ్రాము పని చిన్నదే. మకోరీస్ ఊళ్లోని కోకో గోదాము తలుపును ఫొటో తీయడం, కాసేపు ఆగడం, మళ్లీ తీయడం. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా. ప్రతి ఫొటో తర్వాతా ఎంతసేపు ఆగాలో ప్రోగ్రామే కొత్తగా తేల్చుకుంటుంది. ఒకసారి రెండు నిమిషాలు, ఇంకోసారి పావుగంట. దొంగకు అంచనా చిక్కకూడదని అలా రాసింది.

అయినా బస్తాలు మాయమవుతూనే ఉన్నాయి. ఒక్క ఫొటోలోనూ మనిషి లేడు.

"అదెప్పుడు తీస్తుందో నీకొక్కదానికే కదమ్మాయ్ తెలిసేది?" అన్నాడు యజమాని ఫెర్మీన్.

"నాకూ తెలీదయ్యా. దానికదే ఎంచుకుంటుంది."

"ఓహో, డబ్బాకి బుద్ధి కూడానా!" అని కిసుక్కున నవ్వాడు ఆయన బావమరిది నికనోర్.

అప్పటినుంచి ఆమె లోపలికొస్తే మాటలు ఆగిపోయేవి. ఆమె అనుమానం మాత్రం హమాలీ లిబోరియో మీద. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అతను తలెత్తి కెమెరా వైపు చూసేవాడు.

"దానికేసి ఏంటా చూపు?"

"దాని ఎర్రదీపం వెలిగితే కరెంటొచ్చినట్టే కదా తల్లీ. ఫ్యాను కింద కూలబడదామని."

ఆమె నమ్మలేదు. కానీ కరెంటు అన్న మాట మనసులో పడింది. పాత ఫొటోల వేళలు పక్కపక్కన పెట్టి చూసింది. కరెంటు వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాము మొదటినుంచి నడుస్తోంది, విరామాలన్నీ అదే వరసలో వస్తున్నాయి! మొదటి ఫొటో, వెంటనే పావుగంట ఖాళీ. ప్రోగ్రామును పరీక్షించే రోజుల్లో, ఎన్నిసార్లు నడిపినా ఒకే వరస రావాలని లెక్క మొదలయ్యే అంకెను తనే బిగించింది. తర్వాత తీసెయ్యడం మరిచింది. ఫొటో తీసినప్పుడల్లా మెరిసే ఆ ఎర్రదీపాన్ని గమనిస్తూ ఎవరో ఆ వరసను పసిగట్టారు.

చడీచప్పుడు లేకుండా ఆ అంకె తీసేసింది. తర్వాత కరెంటు పోయి వచ్చిన రోజే ఫొటో పడింది. భుజాన బస్తాతో నికనోర్!

ఫెర్మీన్ దాన్ని చాలాసేపు చూశాడు. "ఇన్నాళ్లూ పడనిది ఇప్పుడెలా పడింది?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "వాడికా వరస నువ్వే చెప్పలేదని నమ్మకమేంటి?"

నికనోర్‌ను వేరే ఊరి కొట్టుకు పంపారు. యోకాస్తా ఆ నెలలోనే పని మానేసింది. వెళ్లేముందు లిబోరియోతో, "నీ మీద అనుమానపడ్డాను, ఏమనుకోకు" అంది.

"నా మీదా?" అతను నోరెళ్లబెట్టాడు. "మేమంతా నిన్నే అనుకున్నాం తల్లీ!"