జకరయ్య ఆటోలో సీట్ల లెక్క

“జకరయ్యా, మీరు ఆటో తోలతారా, పంచాయితీలు తీరుస్తారా?” అని ప్రిన్సిపాల్ షీబా మేడం ఒకసారి గేటు దగ్గరే అడిగేసింది.

కృత్తివెన్ను చుట్టుపక్కల నుంచి తొమ్మిది మంది ఎల్‌కేజీ పిల్లల్ని బడికి చేర్చడం జకరయ్య పని. అతని జబ్బల్లా ఒక్కటే. ఎక్కిన ప్రతి ప్రాణీ ఆ రోజు మనసెలా ఉందో చెబితే గానీ బండి కదలదు. చెప్పినదాన్ని బట్టే సీటు. కోపమొస్తే అతని పక్కన, హారన్ వాళ్లదే. దిగులైతే గాలి తగిలే చోట. సంతోషంగా ఉన్నవాళ్లు మధ్యలో, ఇరుక్కుని.

“మా వాడేం పాపం చేశాడండీ?” అంది బెంజమిన్ తల్లి.

“సంతోషంగా ఉన్నోళ్లు సర్దుకుంటారమ్మా. అయినా ఇదంతా బండి బ్యాలెన్సుకి. కోపం బరువు గదా, వెనకేస్తే ముందు చక్రం లేచిపోద్ది!”

హారన్ మోజులో ఒక వారమంతా తొమ్మిది మందికీ కోపమే వచ్చింది. జకరయ్య విచారణ మొదలెట్టాడు.

“ఎవరి మీదరా కోపం?”

“ఉప్మా మీద,” అన్నాడు బెంజమిన్.

“పొద్దున్నే నీకోసం ఉడికింది గదరా. అదేమనుకుంటది?”

బెంజమిన్ ఆలోచించి, ఉప్మాకు సారీ చెప్పి మధ్యలోకి జరిగాడు. ఇలాంటివి తేలేసరికి బడిలో ప్రార్థన అయిపోయేది.

మేడం కూడా గుడివాడలో పిల్లల భావోద్వేగాల మీద ఒకరోజు శిక్షణకు వెళ్లొచ్చి, తరగతి గోడకు నవ్వు ముఖం, ఏడుపు ముఖం అంటించింది. పిల్లలు రెంటికీ మీసాలు పెట్టారు. జకరయ్యకు మాత్రం ఆఖరి మాట చెప్పేసింది. సోమవారం ఆలస్యమైతే పిల్లల్ని వ్యాన్‌కి అప్పగిస్తుంది.

సోమవారం ఎనిమిది మందిని విచారణ లేకుండానే ఎక్కించాడు. చివరి ఇల్లు సముద్రం మీదికి వేటకెళ్లే నాగబాబుది. అతని కూతురు వినీల సంచీ కావలించుకుని నిలబడింది. అడగకూడదనుకున్నాడు. నోరు ఊరుకోలేదు.

“ఏ సీటమ్మా?”

వినీల ఎక్కలేదు. జకరయ్య ఇంజన్ ఆపేశాడు.

“తాతా, లేటవుద్ది!” అన్నాడు బండిలోంచి ఒకడు.

“అవనీరా.”

“నాన్న పడవ రాత్రి రాలేదు,” అంది వినీల మెల్లగా. “నాయనమ్మ ఏడుస్తంది. దీనికి ఏ సీటో నాకు తెలీదు.”

జకరయ్యకూ తెలియదు. బెంజమిన్ కాస్త జరిగి వినీలను ఎక్కించుకుని చోటిచ్చాడు. తక్కిన పిల్లలూ ఒక్కొక్కరే అక్కడికే చేరి ఆ పిల్లను ఆనుకుని కూర్చున్నారు. జకరయ్య బందరు రేవులో తెలిసిన పోతయ్యకు ఫోన్ కలిపాడు.

“నాగబాబా? ఇంజన్ చెడి రాత్రి ఇక్కడికే చేరారు బావా. ఫోన్లు తడిసిపోయినయ్. మనుషులు ఇడ్లీలు తింటన్నారు.”

నాయనమ్మకు ఆ మాట చెప్పి బయల్దేరేసరికి ముప్పావుగంట దాటింది.

“పంక్చరండీ,” అన్నాడు జకరయ్య గేటు దగ్గర, తల వంచుకుని.

“కాదండీ, వినీలకి భయమేసింది. అందుకే ఆగాం,” అన్నాడు బెంజమిన్.

“ఎవరాగమన్నారు?”

“ఎవరూ లేదండీ. మాకూ వేసింది.”

మేడం గేటు తీసి పిల్లల్ని లోపలికి పంపింది. మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం పడింది. భారీ వర్షాలకు రోడ్లు పాడైనందున ఇకపై ఎల్‌కేజీ మొదటి గంట అరగంట ఆలస్యంగా కొడతారట.

అది మార్చి నెల. కృత్తివెన్నులో చినుకు పడి మూడు నెలలైంది.